పెట్రోలు ట్యాంకులో తుప్పు ఎట్లా వదులుతుంది?

ఈసారి సైన్సు పేజీకి నేను తీసుకున్న విషయం తుప్పు. "అది మాకు తెలిసిందే కదా" అనుకోవద్దు. ఇనుము తుప్పు పట్టాలంటే గాలీ, నీరూ రెండూ ఉండాలని మనం చదువుకున్నాం. మరి పెట్రోలు పోసే ట్యాంకు లోపల తుప్పు ఎందుకు పడుతుంది?

నీళ్ళు మనం పొయ్యకపోయినా అవే వస్తాయి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో గాలి, గాలిలో తేమ ఉంటాయి. రాత్రి చల్లబడితే ఆ తేమ రేకు లోపల చెమట పట్టినట్టు పడుతుంది. చల్లనీళ్ళ చెంబుకు బయట పట్టే చెమట లాంటిదే ఇది. నీళ్ళు పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుక్కి దిగి నిలబడతాయి. అందుకే ముందు పాడయ్యేది ట్యాంకు అడుగే. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది నీటిని లాక్కుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి కిందికి దిగిపోతాయి.

మాది బోగోలు మండలం జువ్వలదిన్నె, సముద్రం ఒడ్డు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది, అందుకని తుప్పు తొందరగా పడుతుంది. మా ఊళ్ళో తలుపు గొళ్ళెం గానీ సైకిలు చెయిను గానీ ఎక్కువ రోజులు ఆగదు.

మా నాయన పాత మోపెడ్ మీద చేపలు, పీతలు వేసుకుని బిట్రగుంట వైపు పోయి అమ్ముతాడు. పోయిన ఎండాకాలం ఆ బండి దారిలో ఊరికే ఆగిపోతా ఉండేది. తుప్పు పొడి పెట్రోలుతోపాటు దిగి కార్బొరేటర్ జెట్టులో అడ్డం పడేది. ఆ జెట్టు రంధ్రం సూదిమొన అంత ఉంటుంది. శుభ్రం చేస్తే రెండు రోజులు నడిచేది, మళ్ళీ అదే కథ. ఎండలో బండి ఆగిపోతే చేపలు మెత్తబడతాయి, సగం ధరకి కూడా ఎవరూ తీసుకోరు. కొత్త ట్యాంకు వెయ్యమన్నాడు మెకానిక్కు. అంత డబ్బు యాడ తెచ్చేది? అప్పుడు మా చిన్నాయన ఈ పద్ధతి చేశాడు. నేను పక్కనుండి చూసి నోటుబుక్కులో రాసుకున్నాను.

మొదట పెట్రోలు అంతా తీసెయ్యాలి. ఇది పెద్దవాళ్ళే, ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా చెయ్యాలి. ఖాళీ ట్యాంకు అంటే భయం లేదనుకుంటారు గానీ అదే ఎక్కువ ప్రమాదం. అంటుకునేది ద్రవం కాదు, ఆవిరి. గాలిలో నూటికి రెండు పాళ్ళు పెట్రోలు ఆవిరి కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, కాబట్టి నేల మీద పాకుతుంది. అందుకని సబ్బునీళ్ళతో రెండు మూడుసార్లు కడిగాడు. ఆ కడిగిన నీళ్ళు కాలవలో పొయ్యకూడదు, మనవాళ్ళు పీతలు పట్టేది ఆ కాలవలోనే.

తర్వాత సబ్బునీళ్ళలోనే గుప్పెడు గులకరాళ్ళు వేసి బాగా ఊపాలి. పెచ్చులు ఊడి వస్తాయి. ఎన్ని రాళ్ళు వేశామో లెక్కపెట్టుకోవాలి. చిన్నాయన 30 వేశాడు, 29 వచ్చాయి. ఆ ఒక్కదాని కోసం ట్యాంకును తలకిందులు చేసి అరగంట ఆడించాడు!

ఇప్పుడు అసలు పని. చింతపండుతో ఇత్తడి చెంబు తోమితే మెరుస్తుంది కదా, చింతపండులో ఆమ్లం ఉంది. తుప్పు అనేది ఐరన్ ఆక్సైడ్. ఆమ్లం దాన్ని కరిగించి నీళ్ళలోకి తెస్తుంది. కొట్లో దొరికే నిమ్మఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, ఇంకా మంచిది, గుజ్జు అంటదు. మోపెడ్ ట్యాంకు సుమారు 4 లీటర్లు పడుతుంది. లీటరుకి 50 గ్రాముల చొప్పున గోరువెచ్చని నీళ్ళలో కలిపి నిండా పొయ్యాలి. మూత గట్టిగా బిగించకూడదు, ఆమ్లం ఇనుముతో కలిసి హైడ్రోజన్ వాయువు వదులుతుంది. ఒక రాత్రి చాలు. ఇంకా ఉంచితే తుప్పు అయిపోయాక మంచి రేకును కూడా తింటుంది. బాత్రూములు కడిగే ఘాటు యాసిడ్డు అసలు వాడొద్దు.

పొద్దున పారబోస్తే నీళ్ళు టీ డికాషన్ మాదిరి వచ్చాయి. వెంటనే వంటసోడా నీళ్ళతో కడగాలి. ఆమ్లానికి క్షారం విరుగుడు, మన పాఠంలో తటస్థీకరణ అన్నది ఇదే. ఆరబెట్టడంలో ఆలస్యం చెయ్యకూడదు. శుభ్రమైన ఇనుము తడిగా ఉంటే గంటలోపే మళ్ళీ ఎర్రబడుతుంది. ఎండలో నోరు కిందికి పెట్టి ఆరగానే కొంచెం ఇంజను ఆయిలు పోసి లోపలంతా తిప్పాలి. మాది రెండు స్ట్రోకుల బండి, పెట్రోలులో ఆయిలు ఎట్లాగూ కలుపుతారు.

ఒకటి ముందే చెప్పాలి. బాగా తిన్న ట్యాంకులో రంధ్రాలకి తుప్పే అడ్డం నిలబడి ఉంటుంది. అది పోతే కారడం మొదలవుతుంది. అందుకని ఆరబెట్టక ముందే నీళ్ళు నింపి, కింద పొడిగుడ్డతో తుడిచి చూడాలి. తడి కనిపిస్తే ఆ ట్యాంకుకి కాలం చెల్లినట్టే. వెల్డింగు పెట్టిస్తామని తొందరపడొద్దు, లోపల ఆవిరి మిగిలితే ప్రాణం పోతుంది. మా దాంట్లో తడి కనిపించలేదు. ఆరు నెలలుగా బండి ఆగలేదు.

ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచితే తుప్పు రాదంటారు. మా నాయన ఆ పూట చేపలు అమ్మిన డబ్బుతోనే పెట్రోలు పోయిస్తాడు, నిండుగా యాడ ఉంటది? అందుకే నెలకి ఒకసారి ట్యాపు దగ్గర గొట్టం ఊడదీసి గాజుసీసాలోకి కొంచెం పట్టి చూస్తున్నాడు. అడుగున వేరే గీత కనిపిస్తే నీళ్ళు దిగాయని అర్థం. అది కనిపించకుండా పోయేదాకా వదిలేసి, గొట్టం మళ్ళీ పెడతాడు.