క్రిస్మస్ భోజనపు బల్ల మధ్య ఏమి ఉంచుదము?

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 25:23–37, 40:22–25, లూకా 14:12–14, 1 కొరింథీయులకు 11:20–22



డిసెంబరు మాసము వచ్చినది. పొలములలో వరి కోతలు సాగుచున్నవి. ఇండ్లకు సున్నములు వేయుచున్నారు. పిల్లలు నక్షత్రము కట్టుటకు వెదురు బద్దలు చీల్చుచున్నారు. ఇటువంటి దినములలో మన స్త్రీల సమాజపు కూటములో ఒక సహోదరి మమ్ము ఇట్లు అడిగెను: “పట్నంలో మా చుట్టాలింట్లో క్రిస్మస్‌కి భోజనాల బల్ల నడిమధ్య పూలూ కొవ్వొత్తులూ పెట్టి అలంకారం చేస్తారు అయ్యగారూ. మనం చేసుకోవచ్చా? చేస్తే ఎట్లా చేయాలి?”

చేసికొనవచ్చును, అమ్మా. అందులో తప్పేమియు లేదు. అయితే బల్ల మధ్య ఏమి ఉంచవలెను, దేనికొరకు ఉంచవలెను అనునది ముందుగా నేర్చుకొనుట మంచిది. ఈ మాసపు పాఠము అందునిమిత్తమే.

1. బల్లయు దీపమును

దేవుడు మోషేతో గుడారమును గూర్చి చెప్పినప్పుడు ఒక బల్లను చేయుమనెను. అది తుమ్మకఱ్ఱతో చేయబడి, రెండు మూరల పొడవును, ఒక మూర వెడల్పును, మూరెడున్నర యెత్తును గలదై యుండవలెను. దానిమీద సన్నిధి రొట్టెలు ఎల్లప్పుడు ఉండవలెను. ఆ తరువాత దీపవృక్షమును గూర్చి చెప్పెను. దాని కొమ్మలకు బాదము పువ్వుల రూపముగల కలశములును, మొగ్గలును, పువ్వులును ఉండవలెనని సెలవిచ్చెను. దీనినిబట్టి మనము నేర్చుకొనునదేమనగా, అందము దేవునికి అయిష్టము కాదు. పువ్వును చేసినవాడు ఆయనే; తన మందిరములో పువ్వు రూపమును కోరినవాడును ఆయనే.

మరియొక సంగతి గమనింపుడి. ఆ దీపవృక్షము బల్లకు ఎదురుగా ఉంచబడెను (40:24). దాని ప్రదీపములు తన యెదుటి భాగమున వెలుగిచ్చునట్లు వెలిగింపబడవలెను (25:37). అనగా అది ఎంత బంగారముతో చేయబడినను, తన్నుతాను చూపించుకొనుటకు అక్కడ నిలువలేదు. ఎదుటనున్న దానిని కనుపరచుటకే నిలిచెను. మన బల్లమీది అలంకారమునకును ఇదియే కొలత. ఆ అలంకారమువలన ఎదుట కూర్చున్నవారి ముఖము కనబడుచున్నదా, లేక మరుగగుచున్నదా?

2. మేము చేసిన పొరపాటు

ఈ కొలతను మేము పుస్తకములో చదివియు గ్రహింపలేదు, సిగ్గుపడి నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట మేము వేరొక గ్రామములో సేవచేయుచుండగా, క్రిస్మస్ ఆరాధన తరువాత సంఘములోని వృద్ధులను మా యింటికి భోజనమునకు పిలిచితిమి. రెండు బల్లలు కలిపి వేసి, పైన తెల్లని దుప్పటి పరచితిమి. పట్నమునుండి రంగు కాగితపు పువ్వులును, థర్మోకోలు నక్షత్రమును తెప్పించి, మూరెడు ఎత్తున ఒక గోపురమువలె నిలిపి, చుట్టును దూదిని మంచువలె పేర్చితిమి. వచ్చినవారందరు మెచ్చుకొనిరి. మేమును సంతోషించితిమి.

ఆ గోపురమునకు అవతల, బల్ల చివరను, ఒక ముసలి విధవరాలు కూర్చుండెను. వడ్డించుచున్న యౌవనస్థులు ఇటునుండి కూర పాత్ర తెచ్చి, ఆ అలంకారము దగ్గరకు వచ్చి, అవతల మరెవరును లేరనుకొని వెనుకకు మరలిపోయిరి. అటునుండి వచ్చువారు పెరుగు మాత్రమే తెచ్చుచుండిరి. ఆ తల్లి నోరు విప్పి అడుగలేదు. అన్నమును, కొంచెము పచ్చడియు తిని, చేయి కడుగుకొని, అందరికంటె ముందుగా వెళ్లిపోయెను. ఆమె విస్తరిలో మాంసము పడలేదని సాయంకాలము ఆమె మనుమరాలు చెప్పువరకు మాకు తెలియదు.

మరునాడు మా గృహిణియు మేమును ఆమె యింటికి వెళ్లి క్షమింపుమని అడిగితిమి. ఆమె మమ్ము నిందింపలేదు. “పూలు బాగానే ఉన్నాయి అయ్యగారూ. కాకపోతే నాకు అవతల ఎవురూ అగపడలేదు. ఒక్కదాన్నే కూకున్నట్టు అనిపించి లేచొచ్చేశాను” అనెను.

ఏడాది పొడుగున ఒంటిగా భోజనము చేయు ఆ తల్లిని, ఒంటితనము లేకుండ ఒక పూట తినుటకే పిలిచితిమి. మేమే ఆమెను మరల ఒంటరిని చేసితిమి. కొరింథు సంఘములో ఒకడు ఆకలిగొనియుండగా మరియొకడు తృప్తిగా తినుటనుబట్టి పౌలు వారిని గద్దించెను. లేనివారిని సిగ్గుపరచుట దేవుని సంఘమును తిరస్కరించుటయేనని చెప్పెను. ఆ భాగముమీద మేము ఎన్ని మారులు ప్రసంగించితిమో! అయితే అది మా బల్లకే వర్తించునని ఆ దినమున తెలిసికొంటిమి.

3. బండి చక్రముమీద వెలిగిన దీపములు

అయితే తగిన అలంకారము ఎట్టిది? క్రైస్తవ గృహములలో బల్ల మధ్య పచ్చని ఆకుల వలయమును, దానిలో నాలుగు కొవ్వొత్తులను ఉంచు ఆచారము అనేక దేశములలో నున్నది. ఇది ధనవంతుల భోజనశాలలో పుట్టినదని తలంపవద్దు. జర్మనీ దేశములో హాంబర్గు పట్టణము దగ్గర యోహాన్ హిన్రిక్ వికెర్న్ అను లూథరను దైవసేవకుడు 1833లో దిక్కులేని బీద పిల్లలకొరకు ఒక గృహమును స్థాపించెను. 1839 ఆగమన కాలమున, అనగా అడ్వెంటు దినములలో, ఆయన ఒక కొయ్య చక్రమును తీసికొని దానిమీద కొవ్వొత్తులు నిలిపెను. అది పాత బండి చక్రమని చెప్పుదురు. ఆదివారములకు నాలుగు పెద్ద తెల్లనివి, మిగిలిన దినములకు ఇరువది చిన్న యెఱ్ఱనివి. దినమునకొకటి చొప్పున వెలిగించుచుండగా, పండుగ ఎంత దగ్గరకు వచ్చినదో పిల్లలు లెక్కపెట్టుకొనిరి. కాలక్రమమున చక్రమునకు పచ్చని కొమ్మలు చుట్టిరి. ఇండ్లలో ఉంచుకొనుటకు వీలుగా ఆదివారములకు మాత్రమే నాలుగు దీపములుగల చిన్న వలయము వాడుకలోనికి వచ్చెను.

ఆ చక్రము వెలిగిన మూడేండ్లకు, 1842 జూలై 31న, జర్మనీలో జన్మించి అమెరికా లూథరనులచే పంపబడిన హేయర్ దొరగారు మన గుంటూరులో అడుగుపెట్టిరి. చక్రము బీద పిల్లల మధ్య వెలిగినది. సువార్త బీదలమైన మన పితరుల మధ్య వెలిగినది. గావున ఈ అలంకారమును చేసికొనుటకు మనకు ధనము లేదని చింతింపనక్కర లేదు.

4. చేయు విధము

కావలసినవి: అంచుగల ఇత్తడి పళ్లెము ఒకటి, తడి ఇసుక, నాలుగు చిన్న కొవ్వొత్తులు, ఒక పెద్ద తెల్లని కొవ్వొత్తి, అరటి దొప్ప, సరుగుడు రెమ్మలు లేక మామిడాకులు, చేమంతి, బంతి పువ్వులు, కొన్ని వరి వెన్నులు. బల్ల లేని యింట పీటమీద పళ్లెమునుంచి చాపమధ్య పెట్టుకొనవచ్చును. మనలో అనేకుల భోజనము చాపమీదనే గదా! ప్రభువు చాపను తక్కువగా చూడడు.

మొదట, పళ్లెములో రెండు అంగుళముల మందమున తడి ఇసుక పోసి గట్టిగా అదుముడి. రెండవది, పెద్ద కొవ్వొత్తిని నడుమను, చిన్నవి నాలుగింటిని దాని చుట్టును, ఒకదానికొకటి జానెడు దూరములో ఇసుకలోనికి దిగునట్లు నిలుపుడి. కొవ్వొత్తులు లేనియెడల మట్టి ప్రమిదలలో నూనె పోసి పెట్టుడి. మూడవది, అరటి దొప్పను చీల్చి పళ్లెపు అంచు చుట్టు కట్టుడి. దానికి నీరు పట్టియుండును గనుక అందులో గ్రుచ్చిన రెమ్మలు త్వరగా వాడవు. నాలుగవది, పువ్వులను పొద్దుగూకినప్పుడు కోసి, రాత్రియంతయు నీటిలో ఉంచి, ఉదయమున గ్రుచ్చుడి. అయిదవది, వరి వెన్నులను పళ్లెము వెలుపలి ప్రక్కకు వంగునట్లు పెట్టుడి. ఈ యేటి పంటను ఇచ్చినవానికి అది కృతజ్ఞతార్పణ.

తరువాత ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి చూడుడి. అందులో ఒకరు చిన్నపిల్ల యైయుండుట మంచిది. ఒకరి ముఖము ఒకరికి కనబడనియెడల అలంకారమును తగ్గింపుడి. ఆకులు, పువ్వులు జానెడు ఎత్తునకు మించరాదు. ఇది మా యింటి నియమము.

మొదటి ఆదివారము సాయంకాలము ఒక దీపము వెలిగించి యెషయా 9:2–7 చదువుడి. రెండవ ఆదివారము రెండు వెలిగించి మీకా 5:2–4. మూడవ ఆదివారము మూడు వెలిగించి లూకా 1:26–38. నాలుగవ ఆదివారము నాలుగు వెలిగించి మత్తయి 1:18–25 చదువుడి. క్రిస్మస్ దినమున నడుమనున్న పెద్ద దీపమును వెలిగించి లూకా 2:1–20 చదువుడి. చదువు రానివారి యింట, బడికి పోవు పిల్లవానిచేత చదివింపుడి.

5. జాగ్రత్తలు

మంట దగ్గర దూది, థర్మోకోలు, రంగు కాగితములు ఉంచకుడి. ఎండిన సరుగుడు రెమ్మ, ఎండు వెన్ను క్షణములో అంటుకొనును. మామిడాకులు ఎండగానే మార్చుడి. తాటాకు కప్పు క్రింద దీపము వెలిగించి ఒంటిగా విడిచి వెళ్లవద్దు. ప్రార్థన ముగియగానే ఆర్పుడి.

యెఱ్ఱగా అందముగా నున్నవని గురివింద గింజలను భోజనపు బల్లమీద పెట్టకుడి. పిల్లలు నమిలినయెడల ప్రాణాపాయము. ఆముదపు గింజలును అట్టివే. గన్నేరు చెట్టునకు ఆకు, పువ్వు, కొమ్మ అంతయు విషమే. తినువాటి దగ్గరకు దానిని రానీయకుడి.

అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త ఇది: అప్పుచేసి అలంకరింపకుడి. పండుగ ఒక్క దినమే, వడ్డీ సంక్రాంతి దాటినను వచ్చుచునే యుండును. పైన చెప్పినవాటిలో కొవ్వొత్తులు తప్ప తక్కినవన్నియు మన చేలగట్లమీదను, పెరళ్లలోను దొరకును.

6. వలయము ప్రక్కన ఒక ముంత

మన సంఘములలో తల్లులు పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడు పిడికెడు బియ్యము ప్రభువుకొరకు వేరుగా తీయు ఆచారము ఎంత మంచిది! ఈ నెలలో దానికి తోడు మరియొక ముంతను ఈ వలయము ప్రక్కన ఉంచుడి. మొదటి ఆదివారమునుండి పండుగ ముందు దినమువరకు అడ్వెంటు దినములు సంవత్సరమునుబట్టి ఇరువది రెండు మొదలు ఇరువది యెనిమిది వరకు ఉండును. పూటకొక పిడికెడు చొప్పున రెండు పూటలు తీసినయెడల సుమారు రెండు కిలోల బియ్యము కూడును. కొవ్వొత్తులు కరుగుచుండగా ముంత నిండుచుండును. పిల్లలు దానిని చూచి అడుగుదురు. అప్పుడు వారికి బేత్లెహేము సంగతి చెప్పుడి.

పండుగ ముందు దినమున ఆ ముంతను ఎవరి యింటికి తీసికొని పోవలెనో కుటుంబమంతయు ఆలోచించి నిర్ణయించుకొనుడి. చీకటిపడిన తరువాత, నలుగురికి తెలియకుండ ఇచ్చిరండి. వీలైనయెడల బియ్యము ఇచ్చి ఊరకుండక, ఆ యింటివారిని మీ బల్లయొద్దకు పిలువుడి. తిరిగి పిలువలేని వారిని విందునకు పిలువుమని ప్రభువు చెప్పెను గదా. పిలిచిన తరువాత వారిని బల్ల చివర కూర్చుండబెట్టకుడి. దీపపు వెలుగు తమ ముఖముమీద పడుచోట కూర్చుండబెట్టుడి.

మేము పైని చెప్పిన తల్లిని మరుసటి క్రిస్మస్‌కు మరల పిలిచితిమి. ఆ యేడు బల్ల మధ్య ఒక పళ్లెము, అయిదు ప్రమిదలు, కొన్ని బంతి పువ్వులు మాత్రమే యుండెను. ఆమె రెండుమారులు కూర వేయించుకొని, ఎదుటనున్నవారితో తన చిన్ననాటి క్రిస్మస్ సంగతులు చెప్పుచు, అందరికంటె ఆలస్యముగా లేచెను. ఇప్పుడామె ప్రభువునొద్ద నున్నది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దీపవృక్షము బల్లకు ఎదురుగా ఉంచబడుటవలన మనము నేర్చుకొనవలసినదేమి?
2. మన యింటి పండుగలో ఎవరి ముఖము మనకు మరుగైయున్నది?
3. ఈ సంవత్సరము మన ముంత ఏ యింటికి వెళ్లవలెను?

ప్రార్థన: పరలోకపు తండ్రీ, నీ కుమారుని మా మధ్యకు పంపితివి. సత్రములో స్థలము దొరకని ఆయనకు మా బల్లయొద్ద స్థలమియ్యుటకు మాకు నేర్పుము. మా అలంకారములు నీ బిడ్డలలో ఎవరిని మరుగుచేయకుండ కాపాడుము. ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.