తిమింగలముల పలుకులు

తిమింగలము చేప కాదు. గాలి పీల్చి, పిల్లలను కని పాలిచ్చు జంతువు. ఎంత తేట నీటియందైనను చూపు దూరము పోదు. ధ్వనియో, గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవునది, సముద్రజలమున సుమారు 1500 మీటర్లు పోవును. కావున చీకటి లోతులలో తిరుగు ఈ జీవికి చెవియే కన్ను.

గూని తిమింగలములలో మగవి పాడును. రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే అను అమెరికను శాస్త్రజ్ఞులు ఆ ధ్వనులలో నియతమగు వరుస కలదనియు, 7 మొదలు 30 నిమిషముల వరకు సాగి అదే వరుస మరల వచ్చుననియు 1971లో ప్రకటించిరి. ఒక ప్రాంతపు మగవన్నియు ఒకే పాట పాడును. ఆస్ట్రేలియా తూర్పు తీరమున 1996లో ఏ కొన్నియో పడమటి తీరపు పాట నెత్తుకొన్నవి. 1998 నాటికి తక్కినవన్నియు పాత పాట విడిచి దానినే పట్టినవి. క్రొత్త సినిమా పాట ఊరంతయు ప్రాకినట్లే గదా!

అంతకంటె వింతయైనది స్పెర్మ్ తిమింగలముల సంగతి. వీనిలో ఆడవి తల్లులు, అమ్మమ్మలు, పిల్లలతో కుటుంబములుగా నుండును. ఇవి పాడవు, తంతి యంత్రమువలె టక్కుటక్కుమని కొట్టును. పసిఫిక్ సముద్రమున గాలపాగస్ దీవుల చెంత ఒక తెగ టక్కులను సమముగా కొట్టును. మరియొక తెగ కడపటి టక్కునకు ముందు కొంచె మాగును. నీరు ఒక్కటే. అయినను ఒక తెగవారు రెండవ తెగతో కలిసి తిరుగరని 2003లో వెల్లడించిరి. ఈ పలుకుబడి రక్తముతో వచ్చునది కాదు, పెద్దలయొద్ద నేర్చునదియని పరిశోధకుల నిర్ణయము. 2022లో తేలిన విషయము మరియు గమనింపదగినది: తెగలు ఒకే నీటిలో కలిసియున్నచోట ఒక్కొక్క తెగ గుర్తుగానుండు టక్కుల వరుసలు మరింత ప్రస్ఫుటముగా వేరుపడును. ఇంట ఒక భాష, వీధిలో వేరొక భాష వినుచు పెరుగు మన బాలబాలికలకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

మరి ఇది భాషయగునా? డొమినికా దీవి యొద్ద పట్టిన 8719 వరుసలను 2024లో పరిశీలించినవారు 18 లయలను, 5 కాలప్రమాణములను గుర్తించిరి. ఎదుటిదాని ననుసరించి వేగమును సాగదీయుటయు, చివర నొక టక్కును అదనముగా చేర్చుటయు కలవు. దీనిని కొందరు తిమింగలముల అక్షరమాల యనిరి. మేము ఆ మాటకు తొందరపడి సమ్మతింపజాలము. అక్షరములు కూడి పదమైనప్పుడు దానికొక అర్థముండవలెను. ఈ వరుసలలో దేనికి ఏ అర్థమో ఇంకను తేలలేదు. 'నేను మీదానను' అని చాటుటకు వరుసలు పనికివచ్చుచున్నవనుట మాత్రము దృఢపడినది. వార్త చెప్పుట భాషకు ఒక పని. తనవారిని గుర్తించుట మరియొక పని. మనము వ్యాకరణము చదువునపుడు మొదటిదానినే తలచి రెండవదానిని మరచుచుందుము.

ఆ డొమినికా తిమింగలములు తరచుగా కొట్టు వరుస ఇది: టక్, టక్, టక్‌టక్‌టక్. విడివిడిగా రెండు, వెంటవెంటనే మూడు. వీని పిల్లలు పుట్టిన వెంటనే దీనిని సరిగా కొట్టలేవు. తడబడుచు, తప్పుచు, కొన్నేండ్లకుగాని పట్టుపడనీయవు.