జర్మనీ విచారణలకు కొత్తగా వస్తున్న మన ఫాదర్లకు, సిస్టర్లకు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేసరికి మీ జేబులో జర్మన్ పరీక్ష సర్టిఫికెట్ ఉంటుంది. మొదటి ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని మాట్లాడే అవ్వ యాస మాత్రం ఆ పరీక్షలో రాదు. బెంగపడకండి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ గారు పుట్టింది ఈ దేశంలోని హెల్మ్‌స్టెట్‌లోనే. గుంటూరులో అడుగుపెట్టేనాటికి ఆయనకు 49 ఏళ్లు. ముప్ఫైల్లో ఉన్న మనం ఈ చలికీ ఈ భాషకీ అలవాటు పడలేమంటే ఎవరు ఒప్పుకుంటారు?

ముందు కాగితాల పని. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఇంటి యజమాని ఇచ్చే పత్రం లేకపోతే ఆ పని జరగదు. ఆ ఫారంలో మతం కూడా అడుగుతారు. కతోలికులమని రాస్తే ఆదాయపు పన్నుకు అదనంగా, అందులో తొమ్మిది శాతం చర్చి పన్నుగా పోతుంది. బవేరియా, బాడెన్-వుర్టెంబెర్గ్‌లలో ఎనిమిది. ‘ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది ఫాదర్?’ అని మన సాఫ్ట్‌వేర్ పిల్లలు మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. మన జీతాలూ ఆ పన్నులోంచే వస్తాయి కాబట్టి నా సలహాను కాస్త తగ్గించి వినమనండి! ఇక మన డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ ఆరు నెలలే చెల్లుతుంది. మూడు నాలుగు ఊళ్ల గుళ్లు మీ మెడకు పడతాయి, ఆదివారం బస్సులు అంతంతమాత్రం. రాగానే డ్రైవింగ్ పరీక్షకు సిద్ధమవడం మొదలుపెట్టండి.

కాగితాలు ఎలాగో అయిపోతాయి. అసలు కష్టం తలుపు దగ్గర మొదలవుతుంది. మన విచారణలో ఫాదర్ గారి తలుపు మూసి ఉండదు. పాపకు జ్వరమనీ, కోడలు అలిగిందనీ, పొలం గట్టు తగాదా అనీ పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. ఇక్కడ మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కరూ గంట కొట్టకపోవచ్చు. మీరంటే గౌరవం లేక కాదు. ముందుగా టెర్మిన్ (అపాయింట్‌మెంట్) తీసుకోకుండా ఎవరింటికీ వెళ్లకపోవడమే వీళ్ల మర్యాద. మీరూ చెప్పకుండా ఎవరింటికీ వెళ్లకండి.

మీ టెర్మిన్లలో ఎక్కువ భాగం చావు ఇళ్లకే ఉంటుంది. మన దగ్గర ఇవాళ పోతే రేపు సమాధి. ఇక్కడ వారం, పది రోజులు పడుతుంది. ఆలోపు గురువు ఆ ఇంటికి వెళ్లి, పోయినవాళ్ల గురించి అడిగి తెలుసుకోవాలి. ఒక పెద్దాయన నాకు కాఫీ పోసి, భార్య కళ్లజోడు, ఆమె సగం అల్లిన మేజోడు బల్ల మీద పెట్టి, అరగంట సేపు ఆమె తోట గురించే చెప్పాడు. దేవుడి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. లేవబోతుంటే ‘పరలోక జపం చెప్పండి’ అని ఆయనే అడిగాడు. ఇక్కడ ప్రసంగం కంటే వినడానికే ఎక్కువ తర్ఫీదు కావాలి. ప్రసంగం పది నిమిషాలు దాటితే ఎలాగూ గడియారాలు చూసుకుంటారు.

ఫాదర్లకు మాత్రమే చెప్పాల్సిన మాట ఒకటుంది. విచారణ సమావేశంలో వేదాంతం చదివిన గృహిణి ఒకరు మీ మాటకు అడ్డు చెబుతారు. చాలాసార్లు ఆమె చెప్పిందే సరైనదై ఉంటుంది. ‘ఫాదర్ గారు చెప్పారు’ అంటే సాగిపోయే అలవాటును విమానం ఎక్కకముందే వదిలేయండి. మనవాళ్లు భాష రాక పడే ఇబ్బంది కన్నా ఈ అలవాటుతో పడే ఇబ్బందే ఎక్కువని నా అభిప్రాయం.

ఇక ఆదివారం పూజ. జర్మనీ కతోలికుల్లో దానికి వచ్చేవాళ్లు నూటికి ఏడుగురి లోపే. ఫిబ్రవరి 11న గుణదల కొండ కింద జనసముద్రంలో నిలబడ్డప్పుడు నా విశ్వాసం నాదా, ఆ జనానిదా అని నేనెప్పుడూ ప్రశ్నించుకోలేదు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడి, చల్లటి రాతి గుడిలో తొమ్మిది మంది ముసలివాళ్లతో పూజ చేస్తుంటే ఆ ప్రశ్న తప్పించుకోలేం. ఆ ప్రశ్న రావడం మంచిదే. జవాబు కోసం తొందరపడి ఆ ఖాళీని ఫోన్‌తో నింపకండి. నేను పూజ పుస్తకం జర్మన్‌లో చదువుతాను, జపమాల తెలుగులోనే చెప్పుకుంటాను. అలసిన రోజున పరాయి భాషలో చేసే ప్రార్థన పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది.

సిస్టర్లూ, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి కూడా గుడి పని నెత్తిన వేసుకోకండి. సెలవు సెలవే, ఈ దేశంలో దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

మొదటి చలికాలం ఒంటరిగా గడపకండి. చుట్టుపక్కల పట్టణాల్లో మన ఫాదర్లు, సిస్టర్లు ఎవరున్నారో మీ మేత్రాసన కార్యాలయంలో అడిగి, నవంబరు రాకముందే ఫోన్ చేయండి. మా ఇళ్లకు మాత్రం టెర్మిన్ అక్కర్లేదు.