మత్తులో వాహన చోదనం – అరెస్టు విధానం

ఉర్దూలో 'ముద్దయీ' అనగా ఫిర్యాదు చేసినవాడు, వాది. ఆ పదమే కచేరీల ద్వారా తెలుగులోనికి వచ్చి 'ముద్దాయి' అయి, నేరం మోపబడినవానికి పేరైనది. మాట విషయంలో ఇట్టి తారుమారు ఒక వింత మాత్రమే. కాని రాత్రివేళ రహదారిపై నిరపరాధి ముద్దాయిగా మారడం వింత కాదు, అన్యాయం. నిజమైన అపరాధి విచారణలోని లోపం వల్ల తప్పించుకొనిపోవడం కూడా అన్యాయమే. ఈ రెండింటిని నివారించుటకు చట్టం ఏర్పరచిన కట్టుబాట్లు ఏమిటో విద్యార్థులు తెలిసికొనుట అవసరం.

మొదట ఒక భేదాన్ని గుర్తించాలి. ఇస్లాం మతం మద్యాన్ని పూర్తిగా నిషేధించినది. అయితే పాపం వేరు, నేరం వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను త్రాగుటను గాక, త్రాగి వాహనం నడుపుటను శిక్షిస్తుంది. పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్లు తేలినప్పుడే ఈ సెక్షను క్రింద మద్యం నేరం ఏర్పడుతుంది. 2019 సవరణ ప్రకారం మొదటిసారి దొరికినవానికి ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధింపవచ్చును. మరల అదే నేరం చేసినచో రెండేండ్ల వరకు జైలు గాని, 15,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని తప్పవు.

ఇక శ్వాస పరీక్ష సంగతి. 203వ సెక్షను ప్రకారం యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి గాని, మోటారు వాహనాల శాఖ అధికారి గాని 'సహేతుకమైన అనుమానం' కలిగినప్పుడు యంత్రంలో ఊదుమని కోరవచ్చును. ఆ యంత్రం కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన రకానిదై ఉండాలి. చట్టం 'ఒకటి లేక అంతకు మించి' శ్వాస నమూనాలు అన్నది. ఈ మాటకు ప్రయోజనం ఉన్నది. ఆల్కహాలు కలిసిన దగ్గు మందు గాని, నోరు పుక్కిలించే ద్రవం గాని అప్పుడే వాడినవాని నోటిలో దాని శేషం మిగిలి, యంత్రం పొరబడవచ్చును. పావుగంట ఆగి మరల ఊదించినచో ఆ శేషం పోయి నిజం తేలుతుంది. అరెస్టయిన వానికి స్టేషనులో మరల శ్వాస పరీక్షకు అవకాశం ఇవ్వవలెనని కూడా ఈ సెక్షనే చెప్పుచున్నది.

'నా ఊపిరియే నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పవచ్చునా?' అని ఒక ప్రశ్న వినవస్తుంది. తనకు వ్యతిరేకంగా సాక్ష్యమిమ్మని నిందితుని నిర్బంధింపరాదని రాజ్యాంగం 20వ అధికరణం చెప్పుచున్నది. అయితే వేలిముద్రలు, చేవ్రాత నమూనాలు ఇచ్చుట అట్టి సాక్ష్యం క్రిందికి రాదని 1961లో సుప్రీంకోర్టు పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది. శ్వాస కూడా ఆ కోవలోనిదే అని భావింపవచ్చును. పైగా పరీక్షను నిరాకరించిన వానిపై అనుమానానికి తగిన కారణముంటే అతనిని వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చును. తగిన కారణం చూపని నిరాకరణ, 205వ సెక్షను ప్రకారం ప్రాసిక్యూషనుకే బలం చేకూర్చవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది కాలనియమం. తన ఎదుట ఈ నేరం చేసినవానిని అధికారి 202వ సెక్షను క్రింద అరెస్టు చేసినచో, రెండు గంటల లోపల రిజిస్టర్డు వైద్యునిచే పరీక్ష చేయించాలి. లేనిచో విడిచిపెట్టాలి. ఇది త్రాగుబోతులకు చూపిన దయ కాదు. రక్తంలోని ఆల్కహాలు గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిపోతూ ఉంటుంది. 45 ఉన్నవాడు గంట గడిచేసరికి 30కి దిగివచ్చును. ఆలస్యమైనకొద్దీ సాక్ష్యం కరిగిపోతుంది. అపరాధికి అది మేలు. అసలు త్రాగనివానికి మాత్రం తన నిర్దోషిత్వం నిరూపించుకొనే సాధనం దక్కకుండా పోతుంది.

వాసన, తూలిపడే నడక, తడబడే మాట చాలునా? మహారాష్ట్ర నుండి వచ్చిన ఒక కేసులో రక్తపరీక్ష గాని, మూత్రపరీక్ష గాని లేకుండా ఈ లక్షణాలనుబట్టి మాత్రమే త్రాగినాడని తేల్చలేమని 1971లో సుప్రీంకోర్టు భావించినది. జ్వరపడినవాడు, అలసినవాడు కూడా తూలవచ్చును గదా! రక్తనమూనా స్త్రీ నుండి తీసికొనవలసివచ్చి, వైద్యుడు పురుషుడైనచో, మరొక స్త్రీ సమక్షంలోనే తీయవలెనని 204వ సెక్షను నియమం.

అరెస్టయిన వానికి కారణం చెప్పాలి, న్యాయవాదిని సంప్రదించనివ్వాలి, 24 గంటలలో, ప్రయాణ కాలం మినహా, మేజిస్ట్రేటు ముందు నిలపాలి. ఇవి 22వ అధికరణం ప్రసాదించిన హక్కులు. 185వ సెక్షను నేరం జామీను పొందదగినది. ఇక బండి మాట. మత్తు కారణంగా వాహనాన్ని జప్తు చేసే అధికారం పోలీసులకు లేదని 2021లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది. అయితే మత్తులో ఉన్నవానిని నడపనివ్వరాదు. వెంట లైసెన్సు కలిగి, త్రాగనివాడు ఉంటే అతనికి అప్పగించాలి. లేనిచో బంధుమిత్రులను పిలిపించాలి. ఎవరూ రానప్పుడు తాత్కాలికంగా స్టేషనుకు తరలించి, తరువాత పత్రాలు చూపినవారికి ఇచ్చివేయాలి.

విద్యార్థులారా! ఈ నియమాలను తప్పించుకొనే దారులుగా చదువకండి. త్రాగి నడిపినవాని క్రింద నలిగిన కుటుంబానికి న్యాయం జరగాలన్నా పరీక్ష సక్రమంగా జరగాలి. త్రాగనివాని పరువు నిలవాలన్నా పరీక్ష సక్రమంగానే జరగాలి. అధికారి అడిగితే మర్యాదగా ఊదండి. ఫలితం చూపమని మర్యాదగానే అడగండి. వేళ గుర్తు పెట్టుకొనండి. ద్విచక్ర వాహనాలపై వచ్చే విద్యార్థుల కోసం కళాశాల పాలకవర్గం వారు ఏటా ఒక సాయంకాలం స్థానిక న్యాయవాదిచే ఈ విషయమై ఉపన్యాసం ఏర్పాటు చేయగలరని ఆశించుచున్నాను.