యాంప్ మోడలర్: రూమ్‌కా, స్టేజ్‌కా?

మా ఆత్మకూర్‌లో వినాయక నవరాత్రులప్పుడు మొదటిసారి స్టేజ్ ఎక్కిన. రూమ్‌లో హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయిన టోన్, మైక్‌సెట్ బాక్సుల్లో కందిరీగల గోల అయింది. తప్పు బాక్సులది కాదు, నాది. లైవ్‌కి క్యాబ్ సిమ్యులేషన్ ఆఫ్ చెయ్యాలని విని, ఆఫ్ చేసిన.

గిటార్ స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది. మైక్‌సెట్ బాక్సులు అన్నీ వినిపిస్తాయి. అందుకే మిక్సర్‌లోకి వెళ్తే క్యాబ్ ఆన్, అసలు గిటార్ యాంప్‌లోకి వెళ్తే ఆఫ్.

మరి ఏది కొనాలి? రికార్డింగే ఎక్కువైతే ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, ఉచితంగా దొరికే న్యూరల్ యాంప్ మోడలర్ చాలు. ప్లెయిన్ గిటార్ ట్రాక్ కూడా దాచుకుంటే టోన్ తర్వాత మార్చుకోవచ్చు. బఫర్ మాత్రం చూసుకోండి: 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్లంటే 2.7 మిల్లీసెకన్లు, రానుపోను దానికి రెట్టింపు పైనే. 1024 పెడితే వేలు ముందు, శబ్దం వెనక.

స్టేజే ఎక్కువైతే కాలితో నొక్కే ఫ్లోర్ యూనిట్ తీసుకోండి. పాట మధ్యలో మౌస్ వెతుక్కోలేం కదా! అదే యూఎస్‌బీతో రికార్డింగ్‌కీ పనికొస్తుందేమో కొనేముందే చూడండి.

ఏది కొన్నా, టోన్‌ని ఒక్కసారైనా పెద్ద బాక్సుల్లో విని స్టేజ్ ఎక్కండి. నేను వినలేదు, ఊరంతా విన్నది.