హోమం పొగా, తేనెరంగు కళ్ళూ

ముహూర్తం తెల్లవారుజామున. రాత్రంతా నిద్ర లేదు, పైగా హోమం పొగ. అప్పగింతల దాకా ఆగకుండానే పెళ్ళికూతురి కళ్ళు ఏడ్చినట్టు ఎర్రబడిపోతాయి. ఆల్బమ్‌కి ఫొటోలు ఏరే రోజున వాళ్ళమ్మగారు సరిగ్గా ఆ క్లోజప్ దగ్గరే ఆగుతారు. "ఈ ఎరుపు తీసెయ్యి బాబూ. వీలైతే కళ్ళు కాస్త తేనెరంగులో కనపడాలట, అమ్మాయి అడుగుతోంది." ఆ రెండు పనులూ ఎలా చేస్తానో చెబుతాను. నేను వాడేది జింప్. 1996 నుంచి ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్ కాబట్టి నేర్చుకునేవాళ్ళకి ఖర్చు లేదు. ఫొటోషాప్ ఉన్నవాళ్ళకి మెనూల పేర్లు కాస్త మారతాయి, పని అదే.

ముందుగా ఒక మాట. చీకట్లో ఫ్లాష్ కొడితే కంటిపాప నిప్పుకణంలా వెలిగే ఎరుపు వేరు. చీకటికి పాప పెద్దదై ఉంటుంది, లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్ వెలుగు కంటి వెనక నెత్తురు పొరకు తగిలి నేరుగా వెనక్కి వస్తుంది. దానికి ఫిల్టర్స్ మెనూలో రెడ్ ఐ రిమూవల్ ఉంది. పాప చుట్టూ గుండ్రంగా సెలెక్ట్ చేసి ఆ ఫిల్టర్ వేస్తే నిమిషంలో అయిపోతుంది. మన తలనొప్పి తెల్లగుడ్డులోని ఎర్రజీరలది.

ఫొటో తెరవగానే దాని మీద అదే లేయర్ నకలు ఒకటి వెయ్యండి, పనంతా ఆ నకలు మీదే. అసలు ఫొటో మీద గీత కూడా పడకూడదు. పాతరోజుల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసినవాళ్ళకి ఈ భోగం లేదు, చెయ్యి జారితే మళ్ళీ మొదటికే. 200 శాతానికి జూమ్ చేసి, హీలింగ్ టూల్ తీసుకుని, శాంపుల్ మెర్జ్‌డ్ అన్న గడిలో టిక్ పెట్టండి. కంట్రోల్ నొక్కి జీర పక్కనున్న శుభ్రమైన చోట క్లిక్ చేసి, జీర మీద చిన్న బ్రష్‌తో అద్దండి. గీతలా లాగితే మరక పడుతుంది, చుక్కచుక్కగా అద్దాలి. లావుపాటి జీరలు మాత్రమే తియ్యండి. సన్నవి నాలుగైదు ఉండనివ్వండి, అవి లేకపోతే కన్ను పింగాణీ బొమ్మదైపోతుంది. కాటుక చెదిరి కింది రెప్ప దాటితే ఆ మరకనీ ఇలాగే తీసెయ్యవచ్చు. గీతను మాత్రం ముట్టుకోకండి, ఆ అమ్మాయి గంటసేపు కూర్చుని పెట్టించుకున్న కాటుక అది.

ఇప్పుడు మిగిలిన గులాబీ ఛాయ. లేయర్ మెనూలో న్యూ ఫ్రమ్ విజిబుల్ నొక్కితే అంతవరకూ చేసిన పని ఒక లేయర్‌గా వస్తుంది. దాని మీద కలర్స్ మెనూలోని హ్యూ-సాచురేషన్ తెరిచి, ఎరుపు ఒక్కటే ఎంచుకుని, సాచురేషన్‌ని మైనస్ 40 దాకా తగ్గించండి. మొహమంతా పాలిపోయి కనిపిస్తుంది, కంగారుపడకండి. ఆ లేయర్‌కి నల్ల మాస్క్ తగిలిస్తే మార్పంతా దాక్కుంటుంది. తర్వాత మెత్తని తెల్ల బ్రష్‌తో మాస్క్ మీద తెల్లగుడ్డు మేరకే పూస్తే ఎరుపు అక్కడ మాత్రమే తగ్గుతుంది. ముక్కు వైపు మూలనుండే గులాబీ కండ జోలికి వెళ్ళకండి. అది సహజంగానే ఎర్రగా ఉంటుంది.

తెల్లగుడ్డుని ఎంత తెల్లగా చెయ్యాలి? ఇక్కడే నేను మొదట్లో పరువు పోగొట్టుకున్నాను. ఒక ఆల్బమ్‌లో పెళ్ళికూతురి కళ్ళన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా చేసి ఇచ్చాను. వాళ్ళ నాయనమ్మ పేజీ తిప్పి, "ఇదేంటి నాయనా, కళ్ళల్లో కోడిగుడ్లు పెట్టావూ?" అంది. మళ్ళీ ప్రింట్ వేసిన డబ్బులు నావే. పై రెప్ప నీడ తెల్లగుడ్డు పైభాగం మీద పడుతుంది, గుడ్డు గుండ్రం కాబట్టి అంచుల్లో మసకబారుతుంది. ఆ మసకే కంటికి గుండ్రదనం ఇస్తుంది. అందుకే నేనిప్పుడు ఎరుపు తగ్గించి ఊరుకుంటాను, వెలుగు దాదాపు పెంచను.

ఇక తేనెరంగు. ఇంగ్లీషు వీడియోలు చూసి నేర్చుకున్న కుర్రాళ్ళు చాలామంది ఇక్కడే బోల్తాపడతారు. ఆ వీడియోల్లో ఉండేవి ఎక్కువగా లేతరంగు కళ్ళు. కొత్త లేయర్ మీద రంగు పూసి, మోడ్‌ని హెచ్ఎస్ఎల్ కలర్‌కి మారిస్తే వాటికి ఇట్టే పట్టేస్తుంది. మనవాళ్ళ నల్లగుడ్డు ముదురు గోధుమరంగు, ఫొటోలో దాదాపు నలుపే. ఆ మోడ్ పై లేయర్ నుంచి రంగు మాత్రమే తీసుకుంటుంది, వెలుగు కింది ఫొటోదే. కింద చీకటి ఉంటే పైన ఏ రంగు పూసినా చీకటే. అందుకని ముందు నల్లగుడ్డుకి వెలుగు పొయ్యాలి, తర్వాతే రంగు.

వెలుగు పొయ్యడానికి మళ్ళీ న్యూ ఫ్రమ్ విజిబుల్. కర్వ్స్ తెరిచి గీతలో ఎడమవైపు భాగాన్ని, అంటే ముదురు ఛాయల్ని, కొంచెం పైకి లాగండి. మళ్ళీ నల్ల మాస్క్. ఇప్పుడు కంటిలో మెరుపు చుక్క ఎక్కడుందో చూడండి. వెలుగు ఆ చుక్క వైపు నుంచి లోపలికి దూరి, నల్లగుడ్డులో ఎదురుగా ఉన్న అంచున పరుచుకుంటుంది. కంటిని గడియారం అనుకుంటే, మెరుపు 10 దగ్గరుంటే వెలుగు 4 దగ్గర పొయ్యాలి. 30 శాతం ఒపాసిటీ ఉన్న మెత్తని బ్రష్‌తో అక్కడ నెలవంకలా రెండు మూడుసార్లు పూయండి. నల్లగుడ్డు మొత్తాన్నీ ఒకేలా వెలిగించారంటే గాజు గోళీ తయారవుతుంది. నల్లగుడ్డు చుట్టూ ఉండే ముదురు అంచునీ, నడుమనున్న పాపనీ, పై రెప్ప కింది నీడనీ అలాగే వదిలెయ్యండి.

దాని మీద కొత్త పారదర్శక లేయర్, మోడ్ హెచ్ఎస్ఎల్ కలర్. ఎరుపు 170, ఆకుపచ్చ 110, నీలం 40 ఇస్తే తేనెకి దగ్గర రంగు వస్తుంది. నల్లగుడ్డు మీద పూసి, పాప మీదా మెరుపు చుక్క మీదా పడ్డ రంగుని రబ్బరుతో చెరిపి, లేయర్ ఒపాసిటీని 40 దగ్గర పెట్టి చూడండి. ఇంకా పెంచాలనిపిస్తే ఆగి, టీ తాగి వచ్చి చూడండి. చాలాసార్లు తగ్గించాలనే అనిపిస్తుంది. నీలం కళ్ళు కావాలనేవాళ్ళూ వస్తారు. నేను చేసి చూపిస్తాను, వాళ్ళే వద్దంటారు. కనుబొమల నలుపుకీ ఒంటిరంగుకీ పక్కన ఆ నీలం అరువు తెచ్చుకున్నట్టుంటుంది.

లేయర్ల పక్కన కూడా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కుతూ మార్పుని దాస్తూ, చూపిస్తూ రెండు కళ్ళనీ పోల్చుకోండి. ఒక కంటికి రంగు ఎక్కువైతే మెల్లకన్నులా కనిపిస్తుంది. జూమ్ తగ్గించి ఫొటో మొత్తం ఒక్కసారి చూడండి. చూపు వెంటనే కళ్ళ మీదికే దూకితే పని శ్రుతి మించినట్టే.

లేయర్లతో సహా ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకుని, ప్రింట్‌కి మాత్రం జేపెగ్ తియ్యండి. ఇదంతా ఆల్బమ్ వరకే. అమెరికా వీసా ఫొటో కోసం వచ్చి "కొంచెం కళ్ళు బాగుచెయ్యండి అన్నా" అంటే నేను చెయ్యను. రూపు మార్చిన ఫొటోలు వాళ్ళు ఒప్పుకోరు.

ఈ లేయర్లని ఇంకో ఫొటోకి ఎత్తి అతికించడం కుదరదు. తలంబ్రాల క్లోజప్‌లో మెరుపు 10 దగ్గరుంటే, అరుంధతి చూపించే ఫొటోలో తల పైకెత్తి ఉంటుంది కాబట్టి 12 దగ్గరుంటుంది. నెలవంక మళ్ళీ 6 దగ్గర, మొదటి నుంచి.