పాఠం 14: మొండి కుక్క – తిండి జాగ్రత్తలు

14.0 ఉపోద్ఘాతం

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరం వైపు, సముద్రపు ఒడ్డున కురుచికుప్పం ఉంది. తీరం వెంబడి ఉండే మత్స్యకారుల పల్లెను తమిళంలో 'కుప్పం' అంటారు. యానాం నుంచి ఉద్యోగం మీద వచ్చిన ఒక తెలుగు కుటుంబం ఇక్కడ అద్దెకు ఉంటోందని ఊహించండి. వారింట్లో ఒక నాటు కుక్క ఉంది. దాని పేరు టైగర్. బరువు 10 కిలోలు.

రోజూ ఉదయం పెద్దబ్బాయి టైగర్‌ను ఒడ్డుకు తీసుకువెళతాడు. వలల్లోంచి ఏరి పారేసిన చేప ఒకటి అక్కడ కనిపిస్తుంది. టైగర్ దాన్ని నోట కరుచుకుంటుంది. అబ్బాయి "వదులు, వదులు!" అని అరుస్తాడు. గొలుసు లాగుతాడు. నోరు తెరవబోతాడు. ఈలోగా టైగర్ దాన్ని గుటుక్కున మింగేస్తుంది. ఇంటికి వచ్చి సంగతి చెబితే, "కుక్క తోక వంకర అన్నారు కదా నాయనా! దాన్ని ఎవరు మార్చగలరు?" అంటారు అమ్మమ్మగారు.

అమ్మమ్మగారి మాట నిజమేనా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

14.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు:

• కుక్క మొండితనానికి కారణాలు వివరించడం.
• కుక్కకు హాని చేసే పదార్థాలను గుర్తించడం.
• నోట్లోది వదిలేలా కుక్కకు నేర్పడం.
• తినకూడనిది తిన్నప్పుడు వెంటనే తగిన పని చేయడం.

14.2 మొండితనమా, అలవాటా?

కుక్కలు మనుషులతో కలిసి బతకడం వేల ఏళ్ల కిందటి మాట. జర్మనీలో దాదాపు 14,000 ఏళ్లనాటి ఒక సమాధిలో మనుషులతోపాటు కుక్క ఎముకలు కూడా దొరికాయి. ఊరి కుక్కలు మనుషులు పారేసినదాన్ని ఏరుకు తింటూ బతికాయి. దొరికినప్పుడు తినాలి, మరో కుక్క రాకముందే మింగాలి. ఇదే వాటి బతుకుతెరువు. కుక్క నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 1,700 ఉంటాయి. మనకు సుమారు 9,000. కుక్క తిండిని ఎంచుకునేది ముఖ్యంగా వాసనతో. మనకు కంపుగా తోచిన కుళ్లు చేప దానికి విందుగా తోస్తుంది.

రెండో కారణం అలవాటు. ఒక పనివల్ల మేలు జరిగితే జంతువు ఆ పనిని మళ్లీ చేస్తుంది. ప్రతిసారీ కాకుండా ఎప్పుడో ఒకసారి ఫలితం దొరికితే ఆ అలవాటు మరింత గట్టిపడుతుంది. దీన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాలతో చూపించాడు. పది రోజుల్లో ఒక్కరోజు టైగర్‌కు ఒడ్డున చేప దొరికినా చాలు, మిగిలిన తొమ్మిది రోజులూ అది వెతుకుతూనే ఉంటుంది.

మూడో కారణం మనమే. మనం అరుస్తూ మీదికి పోతే కుక్కకు ఏం అర్థమవుతుంది? 'నా నోట్లోది లాక్కోవడానికి వస్తున్నారు' అని. అందువల్ల అది ఇంకా తొందరగా మింగడం నేర్చుకుంటుంది. దీన్నే మనం మొండితనం అంటున్నాం. నిజానికి మన చేతులతో మనమే దానికి ఈ పాఠం నేర్పుతున్నాం.

పాఠగత ప్రశ్నలు – 1

ఖాళీలు పూరించండి.
1. కుక్క తిండిని ముఖ్యంగా ________ తో ఎంచుకుంటుంది.
2. ఫలితం ________ దొరికితే అలవాటు మరింత గట్టిపడుతుంది.

14.3 ఏవి ప్రమాదం?

మనం తిని అరిగించుకునే పదార్థాల్లో కొన్ని కుక్కకు విషం. ఇంట్లోనివీ, ఒడ్డున దొరికేవీ విడివిడిగా చూద్దాం.

(అ) వంటింట్లో

ఉల్లి, వెల్లుల్లి: ఇవి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా గుణం పోదు. కుక్క బరువులో కిలోకు 15 గ్రాముల ఉల్లిపాయ తిన్నా హాని మొదలుకావచ్చు. టైగర్ విషయంలో అది 150 గ్రాములు, అంటే ఒకటి రెండు ఉల్లిపాయలు. రోజూ కొంచెం కొంచెంగా పెట్టినా ప్రమాదమే.

ద్రాక్ష, కిస్‌మిస్: ఇవి మూత్రపిండాలను పాడుచేస్తాయి. వీటిలోని టార్టారిక్ ఆమ్లం ఇందుకు కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు సూచించారు. ఈ ఆమ్లం చింతపండులోనూ ఎక్కువే. కాబట్టి పాయసంలోని కిస్‌మిస్, పులిహోర, చేపల పులుసు కుక్క పళ్లెంలోకి పోకూడదు. 'ఒక్క ముద్దే కదా' అని పెట్టే పులుసు అన్నంలో ఉల్లి, చింతపండు, ముల్లు మూడూ ఉంటాయి.

చాక్లెట్: ఇందులోని థియోబ్రోమిన్ కుక్క ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. పాల చాక్లెట్‌లో గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములు ఉంటుంది. 10 కిలోల కుక్క 100 గ్రాములు తింటే కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు చేరుతుంది. వాంతులు, అశాంతి మొదలయ్యే మోతాదు ఇదే. నల్ల చాక్లెట్ అయితే ఇంకా తక్కువ చాలు.

ఉడికిన ఎముకలు: ఇవి పుల్లల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి.

మందులు, ఇతర వస్తువులు: పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ బిళ్లలు కుక్కకు అందనీయకండి. జైలిటాల్ కలిసిన చక్కెరలేని చూయింగ్ గమ్ తింటే అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఎలుకల మందుల్లో కొన్ని రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న రెండు మూడు రోజుల వరకు కుక్క మామూలుగానే కనిపిస్తుంది.

(ఆ) ఒడ్డున

ఒళ్లు బెలూనులా ఉబ్బించుకునే చేపలు కొన్ని ఉన్నాయి. అమ్ముడుపోవు కనుక వాటిని వలల్లోంచి తీసి ఇసుక మీద పారేస్తారు. వీటిలో చాలా రకాల్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది కండరాలను చచ్చుబడేలా చేసి ఊపిరి ఆపుతుంది. వండినా పోదు. దీనికి విరుగుడు మందు లేదు. ఆస్పత్రిలో ఊపిరి అందిస్తూ కాపాడవలసిందే.

ఎర తగిలించిన గాలాలు, తిండి వాసన పట్టిన ప్లాస్టిక్ సంచులు కూడా ఒడ్డున దొరుకుతాయి. సంచి పేగుకు అడ్డుపడితే శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

14.4 'వదులు' అని నేర్పడం

ఇక్కడ మూల సూత్రం ఒక్కటే: లాక్కోవద్దు, మార్పిడి చేయండి.

1. ఇంట్లో మొదలుపెట్టండి. కుక్కకు పెద్దగా ఇష్టంలేని బొమ్మ ఇవ్వండి.
2. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చిన్న కోడిమాంసం ముక్కను దాని ముక్కు దగ్గర పెట్టండి.
3. అది బొమ్మ వదిలే క్షణంలో 'వదులు' అని నెమ్మదిగా అనండి. ముక్క పెట్టండి.
4. తరవాత బొమ్మను తిరిగి ఇచ్చేయండి. వదిలితే పోయేది లేదని కుక్కకు తెలియాలి.
5. రోజుకు రెండుసార్లు, అయిదేసి నిమిషాలు చేయండి. కొన్ని రోజుల తరవాత ఇంకా ఇష్టమైన వస్తువులతో, ఆ తరవాత వాకిట్లో, చివరికి ఒడ్డున చేయించండి.

ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. ఒకరు 'వదులు', ఒకరు 'ఛీ', ఒకరు 'డ్రాప్' అంటే కుక్క ఏ మాటా నేర్చుకోదు.

నేర్చుకునేలోగా ప్రమాదం ఆగదు కదా! అందువల్ల చెత్తబుట్టకు మూత పెట్టండి. మందులు ఎత్తులో ఉంచండి. ఒడ్డున గొలుసు పొట్టిగా పట్టుకోండి. ఎద్దుకు కట్టే చిక్కం మీకు తెలుసు. కుక్కకు కూడా బుట్టలాంటి చిక్కం దొరుకుతుంది. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలున్నదే ఎంచుకోండి.

కుక్క నోట్లో చెయ్యి పెట్టకండి. పన్ను గీరినా సబ్బు, పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రేబిస్ సోకి లక్షణాలు బయటపడితే బతకడం దాదాపు అసాధ్యం.

14.5 తినేస్తే ఏం చేయాలి?

• మిగిలినదాన్ని కుక్కకు అందకుండా తీసేయండి. పొట్లం లేదా చేప ముక్క దాచి ఉంచండి.
• ఏమి తిన్నది, ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత: ఈ నాలుగూ కాగితం మీద రాయండి.
• వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. కురుచికుప్పం వారికి కురుంబపేటలోని రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ అందుబాటులో ఉంది.
• ఉప్పునీళ్లు, నూనె పట్టవద్దు. ఉప్పు ఎక్కువైతే అదే విషమవుతుంది. వైద్యుడు చెప్పకుండా వాంతి చేయించకండి.
• గాలం మింగితే బయటికి వేలాడే తాడు లాగవద్దు.

'పైకి బాగానే ఉంది, రేపు చూద్దాం' అనుకోకండి. ఎలుకల మందు, కిస్‌మిస్ విషయంలో ఆ రేపటికి ఆలస్యం కావచ్చు.

పాఠగత ప్రశ్నలు – 2

తప్పో ఒప్పో రాయండి.
1. ఉడికించిన ఉల్లిపాయ కుక్కకు హాని చేయదు. ( )
2. 'వదులు' నేర్పేటప్పుడు బొమ్మను తిరిగి ఇచ్చేయాలి. ( )

14.6 భాషాంశం

'మొండి' అంటే కొస తెగినది, పదును లేనిది అని ఒక అర్థం: మొండిచెయ్యి, మొండిగోడ, మొండికత్తి. పట్టు విడవనిది అని మరో అర్థం: మొండిపట్టు, మొండికేయడం. తీరని అప్పును 'మొండిబాకీ' అంటాం. ఈ మాటల్లో మూడింటిని సొంత వాక్యాల్లో వాడండి.

14.7 సారాంశం

దొరికింది మింగడం కుక్క స్వభావం. దాన్ని గట్టిపరిచేది అప్పుడప్పుడూ దక్కే ఫలితం, మన లాగులాట. తోక వంకర పోకపోవచ్చు. కాని 'వదిలితే ఇంతకన్న మంచిది దొరుకుతుంది' అని కుక్క నేర్చుకోగలదు. అది నేర్చుకునేదాకా దాని నోటికి అందేవాటి బాధ్యత మనది.

14.8 పాఠాంత ప్రశ్నలు

1. అమ్మమ్మగారి మాటను మీరు ఒప్పుకుంటారా? కారణాలతో 10 వాక్యాలు రాయండి.
2. మీ వంటింట్లో కుక్కకు హాని చేసే పదార్థాల జాబితా తయారుచేసి, ఒక్కొక్కటి ఎక్కడ ఉంచాలో రాయండి.

14.9 పాఠగత ప్రశ్నలకు జవాబులు

1: (1) వాసన (2) ఎప్పుడో ఒకసారి
2: (1) తప్పు (2) ఒప్పు